బాలల న్యాయంలో మన కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది?

పద్దెనిమిదేళ్లు నిండని బాలుడిపై నేరారోపణ వచ్చినప్పుడు, అతని భవితవ్యం చాలావరకు తొలి 24 గంటల్లోనే తేలిపోతుంది. ఆ గంటల్లో అతడిని ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరు ప్రశ్నించారు, ఏ పుస్తకంలో ఏమని రాశారు, అతని వయసును ఏ ఆధారంతో నమోదు చేశారు అన్న నాలుగు విషయాలే తరువాతి ఏళ్లను శాసిస్తాయి. తల్లిదండ్రులు న్యాయవాదిని వెతుక్కునే సరికే ఈ నాలుగూ ముగిసిపోయి ఉంటాయి.

ముస్లింల హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం తరచూ ప్రస్తావించేవి రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు. అవి ముఖ్యమైనవే. అయితే పేద బస్తీల్లో, మెకానిక్ షెడ్లలో, చిన్న దుకాణాల్లో, చదువు మధ్యలో ఆపేసిన పిల్లలలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. పోలీసు స్టేషను గడప తొక్కే ప్రమాదం ముందుగా పొంచి ఉండేది అటువంటి పిల్లలకే. వారి విషయంలో అధికార యంత్రాంగం సక్రమంగా నడుస్తున్నదా లేదా చూడవలసిన బాధ్యతను చట్టం ఢిల్లీకి అప్పగించి ఊరుకోలేదు. జిల్లాకు అప్పగించింది, అందులో సామాన్య పౌరులకూ కొన్ని కుర్చీలు వేసింది. ఆ కుర్చీల గురించి మన జమాతుల్లో, మసీదు కమిటీల్లో, హక్కుల సంఘాల్లో చర్చ జరగకపోవడమే ఈ వ్యాసానికి కారణం.

చట్టం వేసిన కుర్చీలు

2015లో పార్లమెంటు ఆమోదించిన బాల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ప్రతి జిల్లాలో కనీసం ఒక జువైనల్ జస్టిస్ బోర్డు ఉండాలి. అందులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు సభ్యులుగా కూర్చోవాలి. వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో కనీసం ఏడేళ్లు పనిచేసినవారు గానీ, బాలల మనస్తత్వశాస్త్రం, మానసిక వైద్యం, సామాజికశాస్త్రం, న్యాయశాస్త్రం వంటి వాటిలో పట్టా ఉండి వృత్తిలో ఉన్నవారు గానీ ఈ స్థానాలకు అర్హులు.

రెండవది, బాలల సంక్షేమ కమిటీ. ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లల విషయం చూసే ఈ కమిటీలో చైర్‌పర్సన్, మరో నలుగురు సభ్యులు ఉంటారు. మూడవది, జిల్లా ప్రత్యేక బాలల పోలీసు విభాగం. డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి నాయకత్వంలో నడిచే ఈ విభాగంలోనూ ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండాలన్నది 107వ సెక్షన్ నిర్దేశం. ప్రతి పోలీసు స్టేషనులో ఏఎస్సై హోదాకు తగ్గని ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది.

నాలుగవది తనిఖీ కమిటీ. 54వ సెక్షన్ ప్రకారం పిల్లలను ఉంచే ప్రతి గృహాన్ని మూడు నెలలకు ఒకసారైనా, ముగ్గురికి తగ్గని బృందం చూసి రావాలి. ఆ బృందంలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. వారంలోగా నివేదిక ఇవ్వాలి. బాలల హక్కుల రంగంలో పనిచేసే పౌర సమాజ ప్రతినిధికి జిల్లా తనిఖీ కమిటీలో చోటు కల్పించాయి 2016 నాటి ఆదర్శ నియమావళులు.

ఐదవది మన ఊరిలోనే ఉంది. కేంద్రం 2022లో వెలువరించిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు బాలల సంక్షేమం, పరిరక్షణ బాధ్యతను గ్రామ పంచాయతీల దాకా తీసుకువచ్చాయి. సామాజిక న్యాయం, స్త్రీ శిశు సంక్షేమం చూసే పంచాయతీ కమిటీకే ఈ పని అప్పగించవచ్చునని చెప్పాయి. అంటే ధరణికోట వంటి గ్రామంలో సర్పంచి, వార్డు సభ్యులు, అంగన్‌వాడీ కార్యకర్త, పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కలిసి కూర్చుని తమ ఊరి పిల్లల గురించి మాట్లాడుకోవడానికి కావలసిన ఆధారం ఇప్పటికే ఉంది.

రెండు జిల్లాల నడుమ ఒక బాలుడు

ఒకనాడు ధాన్యకటకంగా శాతవాహనుల రాజధాని అయిన ధరణికోట నేడు అమరావతి మండలంలో ఒక గ్రామం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26గా పునర్వ్యవస్థీకరించినప్పుడు ఇది గుంటూరు జిల్లా నుంచి విడిపోయి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరింది. కలెక్టరు, ఎస్పీ మారారు. కానీ కోర్టుల పరిధులు రెవెన్యూ సరిహద్దులంత వేగంగా మారలేదు. నరసరావుపేట, గురజాల, మాచర్ల కోర్టులు గుంటూరు న్యాయ జిల్లాలో భాగంగానే కొనసాగుతూ వచ్చాయి.

పైకి ఇది పరిపాలనా వివరంగా కనిపిస్తుంది. కానీ బాలుడి విషయంలో దీని ప్రభావం నేరుగా ఉంటుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ చట్టం ఈ వ్యవస్థపై పర్యవేక్షణ బాధ్యతను జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు అప్పగించింది. పిల్లల ప్రయోజనం దృష్ట్యా బోర్డు నుంచి, కమిటీ నుంచి ఏ సమాచారాన్నైనా కోరే అధికారం ఆయనకు ఉంది. సంక్షేమ కమిటీపై ఫిర్యాదులను పరిష్కరించే అధికారీ ఆయనే. మరోవైపు, బోర్డులో పెండింగు కేసులను మూడు నెలలకోసారి సమీక్షించవలసింది చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటు. పర్యవేక్షించే ఇద్దరిలో ఒకరి జిల్లా పల్నాడు, మరొకరి న్యాయ పరిధి గుంటూరు అయినప్పుడు ఎవరి లెక్కలో ఏ పిల్లవాడు ఉన్నాడన్నది స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఇద్దరి దృష్టికీ అందని పిల్లలు మిగిలిపోతారు.

కుటుంబం వైపు నుంచి చూడండి. ధరణికోట నుంచి గుంటూరు ఒక దిక్కు, సత్తెనపల్లి మీదుగా నరసరావుపేట మరో దిక్కు. కూలి మానుకుని వాయిదాకు వెళ్లే తండ్రికి ఏ ఊరు వెళ్లాలో, ఏ అధికారిని కలవాలో ముందుగా తెలియాలి. మన జిల్లాకు సంబంధించిన బోర్డు ఎక్కడ కూర్చుంటుంది, ఏ రోజుల్లో కూర్చుంటుంది, సభ్యులు ఎవరు, పిల్లలను ఏ అబ్జర్వేషన్ హోంకు పంపుతున్నారు అన్న వివరాలు ప్రతి పోలీసు స్టేషను గోడపై, ప్రతి గ్రామ సచివాలయంలో తెలుగులోనూ, ఉర్దూలోనూ కనిపించాలి. కొత్త నిధులేవీ అక్కరలేని ఈ పని కలెక్టరు ఒక్క ఉత్తర్వుతో చేయగలిగినది.

కాగితం లేకపోవడం మేలు కాదు

పిల్లవాడిని స్టేషనుకు పిలిచారని తెలిసిన వెంటనే మనవాళ్లు చేసే మొదటి పని ఏ పార్టీ నాయకుడికో, ఊరి పెద్దకో ఫోను చేయడం. 'కాగితం పడకుండా చూడండి' అన్నది ఆ వేడుకోలు సారాంశం. తల్లిదండ్రుల భయాన్ని తప్పుపట్టలేము. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదు పేలుడు తరువాత అమాయక ముస్లిం యువకులను నిర్బంధించి హింసించిన వైనం మన సమాజం మరచిపోలేదు. కేసు అన్న మాట వినగానే మన ఇళ్లలో వణుకు పుట్టడానికి కారణాలున్నాయి.

అయినా ఈ అలవాటు పిల్లలకు హాని చేస్తోంది. కాగితం లేనప్పుడు నిర్బంధం ఎప్పుడు మొదలైందో రుజువు ఉండదు. 24 గంటల గడువు ఎప్పటి నుంచి లెక్కించాలో తెలియదు. ఉదయం తీసుకువెళ్లి మూడవ రోజు సాయంత్రం 'మందలించి పంపించాము' అంటే, ఆ మూడు రోజులూ ఏ రికార్డులోనూ లేని రోజులవుతాయి. నాయకుడి ఫోనుతో బయటపడిన కుటుంబం ఆ నాయకుడికి రుణపడి ఉంటుంది. ఫోను చేయగల నాయకుడు లేని కుటుంబం పిల్లవాడు లోపలే ఉండిపోతాడు. పరపతి మీద ఆధారపడిన విడుదల ఎవరికీ హక్కుగా మిగలదు.

చట్టం ఇంతకంటే మెరుగైన దారి చూపింది. ఆరోపణ హేయమైన నేరానికి సంబంధించినది కాకపోతే, పెద్దలతో కలిసి చేసినదని ఆరోపణ లేకపోతే, బాలుడిపై ఎఫ్ఐఆర్ నమోదు చేయరాదని ఆదర్శ నియమావళి చెబుతోంది. సమాచారాన్ని జనరల్ డైరీలో రాసి, బాలుడి సామాజిక నేపథ్య నివేదికతో పాటు బోర్డుకు పంపాలి. లాకప్‌లో గానీ, జైలులో గానీ ఉంచరాదు. సంకెళ్లు వేయరాదు. బెయిలు ఇవ్వదగిన నేరమైనా కాకపోయినా పూచీకత్తుతో గానీ, పూచీకత్తు లేకుండా గానీ విడుదల చేయడమే సాధారణ సూత్రం. నిరాకరించాలంటే చట్టం పేర్కొన్న కారణాలలో ఒకటి ఉండాలి. ఆ కారణాన్ని రాతపూర్వకంగా చెప్పాలి. బెయిలు షరతులను ఏడు రోజుల్లో నెరవేర్చలేని పేద బాలుడిని మళ్లీ బోర్డు ముందుకు తీసుకువచ్చి షరతులను సవరించమని కూడా చట్టం ఆదేశించింది.

కాబట్టి తల్లిదండ్రులు అడగవలసింది 'కాగితం వద్దు' అని కాదు. 'డైరీలో రాయండి, సమయం రాయండి, మాకు తెలియజేసినట్లు రాయండి' అని అడగాలి. పిల్లవాడికి రక్షణగా నిలిచేది ఆ రాతే.

పల్నాటి ప్రత్యేక పరిస్థితి

ఎఫ్ఐఆర్ నుంచి ఇచ్చిన రక్షణ 'పెద్దలతో కలిసి' అన్న మాట దగ్గర ఆగిపోతుంది. పల్నాడులో ఈ మాటకు ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. 2024 మే 13న పోలింగు రోజున, ఆ తరువాత మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో చెలరేగిన హింస కారణంగా ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీ సస్పెన్షన్‌కు, కలెక్టరు బదిలీకి ఆదేశించవలసి వచ్చింది. ఇటువంటి గొడవల్లో రాళ్లు అందించడానికి, జెండాలు మోయడానికి, బైకులపై ముందు నడవడానికి పదహారు, పదిహేడేళ్ల కుర్రవాళ్లనే పెద్దలు పురమాయిస్తారు. కేసు నమోదయ్యేటప్పుడు పెద్దల పేర్ల కింద వారి పేర్లూ చేరతాయి. పెద్దలకు పార్టీ న్యాయవాదులు వస్తారు. కుర్రవాడికి తల్లి కొంగు తప్ప ఏదీ ఉండదు.

అయినప్పటికీ బాలుడిని పెద్దలతో కలిపి విచారించరాదని 23వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. అతని విచారణ వేరుగా, బోర్డు ముందే జరగాలి. ఈ విషయం ఊరి పెద్దలకు, వార్డు సభ్యులకు, మసీదు కమిటీలకు తెలిసి ఉంటే, గుంపులో కొట్టుకుపోయిన పిల్లవాడిని చట్టం చూపిన దారిలోకి తీసుకురావచ్చు. అంతకుముందే, పార్టీల తగాదాల్లోకి మైనర్లను దింపిన నాయకుడు ఏ పార్టీవాడైనా, ఏ మతంవాడైనా, అతడిని ఊరు నిలదీయాలి.

వయసు ఎవరు తేల్చాలి?

పిల్లవాడిని పెద్దవాడిగా లెక్కగట్టిన మరుక్షణం పైన చెప్పిన రక్షణలన్నీ కూలిపోతాయి. ఈ పొరపాటు ఎంత విస్తృతమో 2024లో ఐప్రోబోనో సంస్థ వెలువరించిన అధ్యయనం చూపింది. 2016 జనవరి నుంచి 2021 డిసెంబరు వరకు ఆరేళ్లలో దేశవ్యాప్తంగా 9,681 మంది పిల్లలు పెద్దల జైళ్లలో ఉండవలసి వచ్చిందని సమాచార హక్కు దరఖాస్తుల ద్వారా తేలింది. అంటే ఏటా సగటున 1,600 మందికి పైగా.

94వ సెక్షన్ ప్రకారం వయసుకు మొదటి ఆధారం పాఠశాల ధ్రువపత్రం లేదా మెట్రిక్యులేషన్ పత్రం. అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక తీర్పులో తేల్చింది.

మన ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. ఒకటవ తరగతిలో చేర్పించే తొందరలో వయసు ఏడాది ఎక్కువ రాయించడం, పుట్టిన తేదీ తెలియదని జనవరి 1 అనో, జూలై 1 అనో వేయించడం సర్వసాధారణం. ఒక పత్రంలో షేక్ ముందు, మరొక పత్రంలో వెనుక; ఒకచోట తండ్రి పేరు పూర్తిగా, మరొకచోట పొడి అక్షరాలతో. కేవలం మదరసాలో చదివిన పిల్లలకు పాఠశాల పత్రమే ఉండదు. ఇవన్నీ రేషన్ కార్డు దగ్గర చిన్న చిక్కులు. పదిహేడేళ్ల బాలుడిపై కేసు వచ్చిన రోజున జైలుకూ ఇంటికీ మధ్య తేడా. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లల విషయంలో జనన ధ్రువపత్రానికి చట్టం ఎన్నో పనులకు ఏకైక ఆధారంగా గుర్తింపు ఇచ్చింది. మిగిలిన పిల్లల పత్రాలను ఇప్పుడే సరిచేయించుకోవాలి. ఆ పని ఒక శుక్రవారం జుమా తరువాత మసీదు ఆవరణలోనే మొదలుపెట్టవచ్చు.

లెక్కలు బయటికి రావాలి

2025 నవంబరులో ఇండియా జస్టిస్ రిపోర్ట్ వెలువరించిన అధ్యయనం ప్రకారం, సమాచారం లభించిన 362 బోర్డుల్లో 2023 అక్టోబరు 31 నాటికి 55 శాతం కేసులు పెండింగులో ఉన్నాయి. దాదాపు నాలుగింట ఒక బోర్డు పూర్తి సభ్యులతో లేదు. విచారణ నాలుగు నెలల్లో ముగియాలని, అవసరమైతే మరో రెండు నెలలు మాత్రమే పొడిగించాలని, చిన్న నేరాల విషయంలో ఆ గడువూ దాటితే కేసే ముగిసిపోతుందని 14వ సెక్షన్ చెబుతుండగా ఉన్న పరిస్థితి ఇది.

మరొక లోపం కూడా ఉంది. జైళ్ల వార్షిక గణాంకాల్లో ఖైదీల మతం వివరాలు వస్తాయి. అందువల్లనే, 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో 14.2 శాతంగా ఉన్న ముస్లింలు విచారణ ఖైదీల్లో అంతకంటే ఎక్కువ శాతం ఉన్నారని మనకు తెలిసింది. పిల్లల విషయంలో జాతీయ నేర నమోదు సంస్థ వయసు, చదువు, కుటుంబ నేపథ్యం మాత్రమే ప్రచురిస్తోంది. ఆ లెక్కల్లోనూ ఒక సత్యం ఉంది: పట్టుబడిన పిల్లల్లో అత్యధికులు తల్లిదండ్రుల దగ్గర ఉంటున్నవారే. ఇల్లు ఉన్న పిల్లవాడిని ఇంటి దగ్గరే ఉంచి, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో దిద్దడం సాధ్యమేనని ఆ అంకెలే చెబుతున్నాయి.

పిల్లల పేర్లు, గుర్తింపు బయటపెట్టడాన్ని 74వ సెక్షన్ నిషేధించింది. అది అలాగే ఉండాలి. పేర్లు లేకుండా మొత్తాలు ప్రకటించడానికి మాత్రం అడ్డు లేదు. మూడు నెలల్లో ఎందరిని పట్టుకున్నారు, ఎందరిపై ఎఫ్ఐఆర్, ఎందరిపై డైరీ నమోదు, ఎందరికి మొదటి రోజే బెయిలు, హోంలో సగటున ఎన్ని రోజులు, వారిలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల పిల్లలు ఎందరు అన్న ఒక్క పుట నివేదిక జిల్లా నుంచి రావాలి. ఇది ముస్లింల కోసం మాత్రమే అడిగేది కాదు. దళిత, గిరిజన, సంచార వర్గాల పిల్లలకూ ఇదే అవసరం. నేరస్థ తెగల చట్టం కింద స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఎరుకల కుటుంబాలపై పడిన ముద్రను ఉమ్మడి గుంటూరు జిల్లా కళ్లారా చూసింది. ఆ చట్టం 1952లో రద్దయినా ముద్ర తరతరాలు వెంటాడింది. బాలుడి పాత రికార్డును ప్రత్యేక సందర్భాల్లో తప్ప చెరిపివేయాలన్న 'కొత్త ఆరంభం' సూత్రాన్ని ప్రస్తుత చట్టంలో చేర్చడం ఎందుకు అవసరమో ఈ నేలకు వేరే చెప్పనక్కరలేదు.

పౌరులు తలుపు తట్టినచోట

స్థానిక పర్యవేక్షణ అన్నది కాగితాలపై కల కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ప్రతి కౌంటీకి పౌరులతో కూడిన బాల న్యాయ కమిషన్ ఉండాలని చట్టం ఉంది. ఏడుగురి నుంచి పదిహేను మంది సభ్యులుండే ఆ కమిషన్‌లో కనీసం ఇద్దరు 14 నుంచి 21 ఏళ్ల యువకులు ఉండాలి. పిల్లలను నిర్బంధించే ప్రభుత్వ గృహాల్లోకి వెళ్లి చూసే హక్కు వారికి ఉంది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. రాష్ట్రం తన బాలల కారాగారాలను 2023 జూన్ 30న మూసివేసి బాధ్యతను కౌంటీలకు అప్పగించగా, ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్ కౌంటీలోని రెండు గృహాలు పిల్లలకు తగవని తనిఖీ సంస్థ తేల్చింది. చూసేవారు ఉన్నారు కాబట్టే ఆ లోపం బయటపడింది. ఎవరూ చూడని గృహం మంచి గృహమని నమ్మడానికి ఆధారం ఏమీ లేదు.

మనం చేయవలసినవి

ప్రభుత్వాన్ని అడగవలసినవి మూడు. పల్నాడు జిల్లాకు సంబంధించిన బోర్డు, కమిటీ, తనిఖీ బృందం సభ్యుల వివరాలను బహిరంగపరచాలి. మూడు నెలల నివేదికను పేర్లు లేకుండా ప్రచురించాలి. ప్రతి స్టేషనులో బాలల సంక్షేమ పోలీసు అధికారి పేరు, ఫోను నంబరు ప్రదర్శించాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉంది. బాల న్యాయం అమలును గమనించే హైకోర్టు కమిటీ ఉంది.

మనం చేసుకోవలసినవీ మూడు. బోర్డు, సంక్షేమ కమిటీ సభ్యత్వాలకు ప్రకటన వెలువడినప్పుడు మన ఉపాధ్యాయులు, న్యాయవాదులు, వైద్యులు, ముఖ్యంగా మన మహిళలు దరఖాస్తు చేయాలి. ధరణికోట వంటి ప్రతి పంచాయతీలో బాలల కమిటీ సమావేశం జరిపించమని వార్డు సభ్యులను అడగాలి. ప్రతి మసీదు కమిటీ ఒక న్యాయవాది పేరు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ చిరునామా, 15100, 1098 నంబర్లు నోటీసు బోర్డుపై రాసి ఉంచాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం బాలుడికి ఉచిత న్యాయసహాయం అతని కుటుంబ ఆదాయంతో నిమిత్తం లేని హక్కు.

ఇంత మెతకదనం వల్ల నేరాలు పెరగవా అని కొందరు అడుగుతారు. దెబ్బతిన్న కుటుంబం ప్రశ్న అది. దాన్ని తేలికగా తీసుకోరాదు. ఆ దెబ్బతిన్న కుటుంబం కూడా చాలాసార్లు మనదే. హేయమైన నేరాల్లో పదహారేళ్లు దాటినవారిని పెద్దవారిగా విచారించాలా అని తేల్చే ప్రాథమిక పరిశీలనకు చట్టంలో చోటు ఉంది. మిగిలిన వారిని చట్టం విడిచిపెట్టమనడం లేదు. కౌన్సెలింగు, సమాజ సేవ, ప్రొబేషన్, అవసరమైతే ప్రత్యేక గృహంలో మూడేళ్ల దాకా ఉంచడం వంటి ఆదేశాలు ఇవ్వమంటోంది. స్టేషనులో దెబ్బలు తిని వచ్చిన కుర్రవాడు ఊరికి తిరిగి తెచ్చేది కక్షనే.

తండ్రి లేని పిల్లల తల నిమరడం మన సంప్రదాయంలో పుణ్యకార్యం. తండ్రి ఉన్నా స్టేషను ముందు నిస్సహాయంగా నిలబడిన పిల్లవాడు ఆ గంటలో యతీమ్ వంటివాడే. అతని పక్కన నిలబడడానికి చట్టం వేసిన కుర్చీ ఒకటి పంచాయతీలో, ఒకటి నరసరావుపేటలో, ఒకటి బోర్డు గదిలో ఉంది. తదుపరి గ్రామసభ తేదీ తెలుసుకుని, బాలల కమిటీ విషయాన్ని అజెండాలో చేర్చమని ఒక అర్జీ రాయడంతో ఆ ప్రయాణం మొదలవుతుంది.